దిగేటప్పుడు ఇంజనే బ్రేకు

మన పత్రికలో పండగల కబుర్లూ, పిల్లల పాటలూ, తీర్థయాత్రల ముచ్చట్లూ చదివి ఆనందించే అక్కయ్యలూ అన్నయ్యలూ ఈ సంచికలో జీపు గేర్ల మీద వ్యాసం చూసి, ఇదేమిటి మెకానిక్కు షెడ్డులోకి వచ్చి పడ్డాం అనుకోవచ్చు. రాసినవాడు మెకానిక్కు కూడా కాదు. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, మూడు దశాబ్దాలుగా జమాఖర్చులు చూసుకుంటున్నవాణ్ణి. అయినా రాయడానికి కారణం ఉంది. మనవాళ్ళ పిల్లలు బెంగుళూరు నుంచీ, హైదరాబాదు నుంచీ సెలవులకు వచ్చేటప్పుడు ఇదివరకులా రైలెక్కి రావడం లేదు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే కొత్త బండి కొనుక్కుని, అమ్మానాన్నలనూ చంటిపిల్లలనూ ఎక్కించుకుని వచ్చి, "మావయ్యా, సండూరు కొండల్లోకి పోదాం పద" అంటున్నారు. ఎక్కడం ఎలాగో వాళ్ళకు వీడియోలు నేర్పుతున్నాయి. దిగడం సంగతి అడిగితే, "బ్రేకులున్నాయిగా మావయ్యా" అంటున్నారు. ఆ జవాబు విన్నాకే ఇది రాయాలనిపించింది.

బళ్ళారి అనగానే మన పెద్దలకు నాటకాల రాఘవగారు గుర్తొస్తారు. 1953 అక్టోబరు 1 గుర్తొస్తుంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రవైపు వచ్చాయి, బళ్ళారి మైసూరువైపు వెళ్ళింది. ఈ ఊరి బజార్లో నేటికీ బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది. ఊరు మటుకు బల్లపరుపు, నడుమ రెండు రాతిగుట్టలు. కొండలు చూడాలంటే పడమరగా సండూరు తాలూకాకు వెళ్ళాలి. కుమారస్వామి గుడి ఉన్నది అక్కడే. బళ్ళారి దండులోని తెల్లసైనికులకు ఒకప్పుడు ఆరోగ్య విడిదిగా ఉండిన రామనదుర్గం అక్కడే. ఆ కొండల్ని భీమగండి దగ్గరా, ఓబళగండి దగ్గరా చీల్చుకుంటూ నారిహళ్ళ వాగు పోతుంది. కొండ కొండంతా ఇనుము. ఎండాకాలం దారి మీద పిండిలాంటి ఎర్రదుమ్ము లేస్తుంది. వానాకాలం అదే దుమ్ము సబ్బునీళ్ళు పోసిన బండలా తయారవుతుంది. గని దారుల్లో దిగుడు ఎంత వాడిగా ఉంటుందో, మలుపు తిరిగేదాకా తెలియదు.

1990ల్లో నాకు ఆ ప్రాంతంలో ఒక పల్లెశాఖలో ఉద్యోగం. లారీలకిచ్చిన అప్పుల తనిఖీకి గనుల దాకా జీపులో పోవాల్సి వచ్చేది. మా జీపు నడిపే ఆయనకు అప్పటికే యాభై దాటాయి. బడికి పోయింది తక్కువే. దిగుడు మొదలయ్యే చోటికి రాగానే, ఎంత తొందర పనైనా సరే, బండిని పూర్తిగా నిలిపేసేవాడు. పెద్ద గేరు రాడ్డు పక్కనున్న చిన్న రాడ్డును వెనక్కి లాగి, గేరు వేసి, క్లచ్చి మెల్లగా వదిలి, బండి ఇంజను మీద ఆనిందని తేల్చుకున్నాకే ముందుకు పోనిచ్చేవాడు. నేను వాచీ చూసుకుంటే, "యాల సార్ తొందర? ఎక్కించిందే దించుతాది" అనేవాడు. ఆ ఒక్క ముక్కలో ఉన్న శాస్త్రం నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

లెక్కల మనిషిని కాబట్టి లెక్కలోనే చెబుతాను. మనుషులతో కలిపి 1,500 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు ఎక్కిందంటే, ఆ ఎత్తు దాని ఖాతాలో జమ అయినట్టే. దిగేటప్పుడు అదంతా ఎక్కడో ఖర్చు కావాలి. ఆ మొత్తం ఎంతంటే, 15 లీటర్ల చన్నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచేటంత వేడి. కాలు బ్రేకు మీద పెట్టి దిగితే ఆ వేడంతా నాలుగు చక్రాల డ్రమ్ములూ, డిస్కులూ మోయాలి. డ్రమ్ము కాగితే బ్రేకు లైనింగు పట్టు జారుతుంది. బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. రెండుమూడేళ్ళు గాలిలోని తేమ తాగిందనుకోండి, 140 దరిదాపుల్లోనే మరుగుతుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నలుగుతుంది, ఆయిల్‌లా తోయదు. అప్పుడు పెడలు నేల దాకా పోతుంది, బండి మాత్రం ఆగదు.

ఆ ఖర్చును ఇంజను చేత పెట్టించడమే ఇంజను బ్రేకు. యాక్సిలరేటరు వదిలేసి బండిని గేరులోనే ఉంచితే, ఇప్పటిదాకా ఇంజను చక్రాన్ని తిప్పింది కదా, ఇక చక్రం ఇంజనును తిప్పాలి. ఊరికే తిరగడానికి ఇంజను ఒప్పుకోదు. పెట్రోలు ఇంజనులో గాలి వచ్చే దారి దాదాపు మూసుకుపోయి ఉంటుంది, కాబట్టి అది మూత పెట్టిన సీసాను పీల్చినట్టు పెనుగులాడుతుంది. లోపలి రాపిడి దానికి తోడు. ఇంత పెనుగులాట జరిగినా వచ్చే వేడి రేడియేటరు గుండా, పొగగొట్టం గుండా పోతుంది. చల్లార్చే ఏర్పాటు ముందే ఉన్న చోట ఖర్చు పెట్టడమన్నమాట.

ఇక ఆ రెండో రాడ్డు సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికావాళ్ళు ఆరు లక్షలకు పైగా జీపులు తయారు చేశారు. మన దేశంలో మహీంద్రావారు బిగించి అమ్మిన తొలి జీపులు ఆ వంశానివే. వాటిలో మామూలు గేరుపెట్టె వెనక ఇంకో చిన్న గేరుపెట్టె ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచడం దాని పని. అందులో 'లో' అనే మెట్టు కూడా ఉంది. యుద్ధం తరువాతి జీపుల్లో మొదటి గేరు సుమారు 2.8, ఈ 'లో' మెట్టు 2.46, ఇరుసు దగ్గర 5.38. మూడూ గుణిస్తే 37 వస్తుంది. అంటే చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజను 37 సార్లు తిరగాలి. 'లో' వేయకపోతే 15 సార్లే. నిమిషానికి 1,500 చుట్ల దగ్గర బండి మొదటి లెక్కలో గంటకు అయిదున్నర కిలోమీటర్లు పోతుంది, రెండో లెక్కలో 13 పోతుంది. చంటిబిడ్డను చంకనేసుకుని ఇల్లాలు మెట్లు దిగినంత నింపాదిగా జీపు కొండ దిగడానికి ఈ 37 కారణం.

అంత బాగుంటే ఇక ఇబ్బందేమిటని అడుగుతారు. ఇబ్బంది ఏమిటంటే, ఇంజను బ్రేకు అనే వస్తువు బండిలో ఎక్కడా లేదు. దానికి పెడలు లేదు. ఇంజను, క్లచ్చి, గేరుపెట్టె, చిన్న గేరుపెట్టె, షాఫ్టులు, ఇరుసులు, హబ్బులు, చక్రం, నేల - ఇదొక గొలుసు. ఇందులో ఏ కొక్కెం ఊడినా ఇంజను ఒక దారి, బండి ఒక దారి. ఊడినట్టు ఎర్రదీపమేమీ వెలగదు. చప్పుడు తగ్గి, ప్రాణానికి హాయిగా ఉంటుంది. ఆ హాయే ప్రమాదం.

నేను చూసినది ఒకటి చెబుతాను. 1998 వానాకాలం. ఒక గని నుంచి మేము దిగుతున్నాం, మా ముందు ఓ పాత జీపు, అందులో ఏడుగురు కూలీలు. ఇంజను గుర్రుమంటూ దిగుతున్నదల్లా ఉన్నట్టుండి మూగబోయింది. మరుక్షణం మాకూ దానికీ మధ్య దూరం పెరగసాగింది. లోపల గేరు దానంతటదే జారి న్యూట్రల్‌లో పడింది. అరిగిన గేర్లకు ఇది పాత జబ్బు. ఎక్కేటప్పుడు పళ్ళ ఒత్తిడి ఒక వైపు, దిగేటప్పుడు రెండో వైపు. ఎక్కేటప్పుడు నిక్షేపంగా నిలిచిన గేరు, ఒత్తిడి తిరగబడగానే వెనక్కి తోసుకువచ్చేస్తుంది. దాన్ని గాడిలో పట్టి ఉంచేది ఒక చిన్న ఇనుప గుండూ, దాని వెనక ఓ స్ప్రింగూ. ఆ డ్రైవరు క్లచ్చి తొక్కి మళ్ళీ గేరు వేయబోయాడు. పళ్ళు కరకరలాడాయే గాని గేరు పడలేదు. బ్రేకు అప్పటికే కాగి ఉంది కాబోలు, బండి ఆగలేదు. నయం, అతని బుర్ర పనిచేసింది. లోయవైపు కాకుండా ఎడంపక్కనున్న మట్టికుప్పలోకి జీపును తోశాడు. ఒకామెకు మణికట్టు విరిగింది. మిగతావాళ్ళు దెబ్బలతో బయటపడ్డారు. మట్టికుప్ప మలుపుకు ఇవతల ఉంది కనుక ఈ మాట ఇలా రాయగలుగుతున్నాను.

ఆ తరువాత గమనించాను, కొందరు డ్రైవర్లు దిగుడులో ఎడమ చెయ్యి గేరు రాడ్డు మీదే ఉంచుతారు, కొందరు ట్యూబు ముక్కతో రాడ్డును కట్టేస్తారు. ఇవి రోగం ఉందని ఒప్పుకోవడమే గాని వైద్యం కాదు. మా అప్పుల తనిఖీ ఫారాల్లో రిజిస్ట్రేషన్‌కు గడి ఉంది, బీమాకు గడి ఉంది, టైర్లకు కూడా ఉంది. గేరు జారుతుందా అన్నదానికి మాత్రం ఏ ఫారంలోనూ గడి చూడలేదు. పాత జీపు కొనే అబ్బాయిలు మాత్రం ఎవరూ లేని చిన్న వాలు మీద, రెండో గేరులో, యాక్సిలరేటరు ఒకసారి తొక్కి చటుక్కున వదిలి చూడాలి. రాడ్డు ఉలిక్కిపడిందా, ఆ బండిని కొండకు తీసుకుపోకూడదు.

గొలుసులో రెండో కొక్కెం మన కాలి కిందే ఉంది. భయం వేస్తే రెండు కాళ్ళూ బిగుసుకుంటాయి, ఒకటి బ్రేకు తొక్కుతుంది, రెండోది క్లచ్చి తొక్కుతుంది. ఊళ్ళో బండి ఆపినప్పుడు అదే అలవాటు. దిగుడులో క్లచ్చి తొక్కడమంటే ఉన్న ఆధారాన్ని మన కాలితో మనమే తన్నేయడం. ఇందులో ఇంకో ఘోరం ఉంది. 'లో' మొదటి గేరులో ఉండగా క్లచ్చి తొక్కి పట్టుకుని, బండి గంటకు 40 కిలోమీటర్ల వేగం అందుకుందనుకోండి. ఇంజను నింపాదిగానే తిరుగుతుంటుంది. గేర్ల వైపున్న క్లచ్చి ప్లేటును మాత్రం చక్రాలు తిప్పుతున్నాయి, 37 రెట్లు. లెక్క వేస్తే నిమిషానికి 11 వేల చుట్లు దాటుతుంది. అంత వేగానికి దాన్ని చేయలేదు. లైనింగు ముక్కలై చెదిరిపోతుంది. ఆ తరువాత క్లచ్చి వదిలినా పట్టేందుకు ఏమీ మిగలదు. అందుకే గేరు ఏదో కొండ మీదే తేల్చుకోవాలి, నడిదిగుడులో మార్చకూడదు. ఆ చిన్న రాడ్డయితే బండి ఆగి ఉన్నప్పుడే కదపాలి, ఎందుకంటే 4 హెచ్‌కీ 4 ఎల్‌కీ మధ్య న్యూట్రల్ ఉంటుంది. రాడ్డు సగంలో నిలిచిపోతే పెద్ద గేరు వేసే ఉన్నా ఇంజనుకూ చక్రాలకూ సంబంధం ఉండదు. గేరులో పెట్టాం కదా అని వాలు మీద బండి దిగి ఫోటోలు తీసుకునేవాళ్ళు ఈ మాట రెండుసార్లు చదవాలి. హ్యాండ్ బ్రేకు లాగి, చక్రం కింద రాయి పెట్టాకే దిగాలి.

హబ్బుల సంగతి చాలామందికి తెలియదు. కొన్ని జీపుల్లో ముందు చక్రాల నడుమ చేత్తో తిప్పే బిళ్ళలుంటాయి. తారు రోడ్డు మీద ముందు ఇరుసు ఊరికే తిరిగి డీజిలు తినకుండా వాటిని విప్పి పెడతారు. విప్పినవాటిని మళ్ళీ బిగించకుండా లోపల రాడ్డు ఒక్కటే 'లో'లో వేస్తే, ముందు షాఫ్టు తిరుగుతుంది గాని చక్రానికి ఏమీ అందదు. ఇంజను బ్రేకు మొత్తం వెనక చక్రాల మీదే పడుతుంది. దిగుడులో బండి బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. బరువు లేని చక్రాన్ని బిగబడితే జారుతుంది, బండి వెనకభాగం పక్కకు తిరుగుతుంది. అడ్డం తిరిగిన బండి దొర్లడానికి ఎంతోసేపు పట్టదు. మా జీపాయన దిగుడు మొదట్లో ఆగినప్పుడు ఒకసారి కిందికి దిగి ముందు చక్రాలు రెండూ చూసి వచ్చేవాడు. టైర్లో గాలి చూస్తున్నాడనుకునేవాణ్ణి.

గొలుసు చివరి కొక్కెం నేల. అన్నీ సరిగ్గా ఉన్నా తడిసిన ఇనపమట్టి మీద మరీ చిన్న గేరు కూడా చెరుపే. బండి పోదలచిన వేగం కన్నా చక్రం మరీ మెల్లగా తిరిగితే, చక్రం తిరగకుండా జారుతుంది. జారే చక్రం స్టీరింగు మాట వినదు. చేతులు బ్రేకు వైపే పొమ్మంటాయి గాని, అప్పుడు చేయవలసింది యాక్సిలరేటరు కాస్తంత తాకించి చక్రాన్ని మళ్ళీ తిరగనివ్వడం. ఇది చెప్పినంత తేలిక కాదు, ఖాళీ మైదానంలో ముందుగా అలవాటు చేసుకోవాలి. వాన పడ్డ రోజున 'లో' మొదటి గేరు కన్నా 'లో' రెండో గేరు మేలన్న మాట గని డ్రైవర్ల నోట చాలాసార్లు విన్నాను. వాన పడ్డ రోజున పోకపోవడం అంతకన్నా మేలని మా ఇంటావిడ అంటుంది, కాదనలేను.

డీజిలు బండ్ల విషయం వేరే చెప్పాలి. పెట్రోలు ఇంజనులా డీజిలు ఇంజను గాలిదారి మూసుకోదు. నిండా గాలి పీల్చి గట్టిగా నొక్కుతుంది. సైకిలు పంపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి నొక్కి చూడండి, నొక్కేటప్పుడు బరువే, వదిలితే పిడి తిరిగి పైకి తన్నుకొస్తుంది. డీజిలు ఇంజనులోనూ అంతే, నొక్కడానికి ఖర్చయిన బలంలో ఎక్కువ భాగం వాపసు వచ్చేస్తుంది. అందుకే ఒకే గేరులో పెట్రోలు బండి పట్టినంత డీజిలు బండి పట్టకపోవచ్చు. బరువు లారీల్లో పొగగొట్టానికి అడ్డంగా ఒక రేకు మూసే ఏర్పాటు చేసింది ఇందుకే. దీనికి ఇంకో మందు కనిపెట్టినవాడు అమెరికాలో డీజిలు ఇంజన్ల కంపెనీ పెట్టిన క్లెస్సీ కమిన్స్. 1931లో ఆయన తన డీజిలు లారీని కాలిఫోర్నియాలోని కాహోన్ కనుమలో దించుతుండగా బ్రేకులు పట్టు తప్పాయి, కింద రైలు దారి దాటుతోంది. వెంట్రుకవాసిలో తప్పింది. ఆ భయం ఆయన్ను వదల్లేదు. నొక్కిన గాలిని వాపసు తన్ననివ్వకుండా సరిగ్గా ఆ క్షణానికి వాల్వు తెరిచి వదిలేసే బ్రేకును ముసలితనంలో తయారు చేశాడు. 1961లో అది జేకబ్స్ పేరుతో బజారుకొచ్చింది. మన జీపులకు ఆ భాగ్యం లేదు, మనకున్నది గేరు ఒక్కటే.

ఆ ఒక్కదాన్నీ చేజేతులా వదులుకునేవాళ్ళను చూస్తేనే నాకు కడుపు మండుతుంది. దిగుడు రాగానే న్యూట్రల్ కొట్టి, కొందరైతే ఇంజను కూడా ఆపి, డీజిలు ఆదా అంటారు. ఇనుము ధర మండిపోతున్న రోజుల్లో, ఒక ట్రిప్పు ఎక్కువ పడాలన్న యావలో లారీలవాళ్ళు ఇదే చేసేవారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి తవ్వకాలు ఆపేశాక ఆ లారీలు వరసగా చెట్ల కింద నిలబడ్డాయి, వాయిదాలు మా పుస్తకాల్లో నిలబడ్డాయి. అది వేరే కథ. ఆదా లెక్క మాత్రం తప్పుల తడక. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే, వేగం బాగా తగ్గేదాకా ఇంజనులోకి ఇంధనం పోయే దారి దాదాపు మూసుకుంటుంది, ఎందుకంటే చక్రాలే ఇంజనును తిప్పుతున్నాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజను ఆరిపోకుండా ఉండటానికి డీజిలు తాగుతుంది. ఇక ఇంజనే ఆపేస్తే, బ్రేకుకు బలమిచ్చే వ్యాక్యూమూ స్టీరింగును తేలిక చేసే పంపూ రెండూ ఆగిపోతాయి. నాలుగు తొక్కుల తరువాత పెడలు రాయిలా బిగుస్తుంది. అణా మిగల్చబోయి ఆస్తి పోగొట్టుకోవడమంటే ఇదే.

మా మేనల్లుడు వీటన్నిటికీ ఒకే జవాబిచ్చాడు, "మావయ్యా, మా బండి ఆటోమేటిక్, దిగుడు బటను కూడా ఉంది." ఉన్నమాటే. 1997లో ల్యాండ్ రోవర్ వాళ్ళు ఫ్రీలాండర్ అనే బండిలో ఈ ఏర్పాటు పెట్టారు. ఎందుకు పెట్టారో తెలుసా? దానికి 'లో' మెట్టు లేదు కాబట్టి. ఆ బటను నొక్కితే పనిచేసేది ముఖ్యంగా బ్రేకులే. మన కాలికి బదులు కంప్యూటరు ఒక్కో చక్రాన్నీ విడివిడిగా, మనకన్నా నేర్పుగా, పట్టి వదులుతుంది. చిన్న దిగుడుకు అది బంగారమే. కిలోమీటర్ల తరబడి దిగుడైతే వేడి మళ్ళీ ఆ డిస్కులకే. పైగా ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్చికి బదులు ఆయిల్ ఉంటుంది, మెల్లగా పోయేటప్పుడు ఆ పట్టు ఇంకా పలచన. కాబట్టి బటను ఉన్నా సరే, 4 ఎల్ వేసి, గేరును చేత్తో ఒకటిలోనో రెండులోనో నిలిపి, ఆ పైన బటను నొక్కమన్నాను. వాడు మొహం చిట్లించాడు గాని కొండ దిగేటప్పుడు అలాగే చేశాడు. వెనక సీట్లో మా అక్కయ్య, ఒళ్ళో మనవరాలు ఉన్నారు మరి.

కింద తారు రోడ్డు తగలగానే ఆగి 4 ఎల్ తీసేయాలి. ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానికొకటి బిగిసి ఉన్న బండి జారని నేల మీద మలుపు తిరిగితే గేర్ల మీద ఒత్తిడి పడి పళ్ళు విరుగుతాయి. హబ్బులుంటే అప్పుడే విప్పుకోవచ్చు. మా జీపాయన ఆ ఆగిన చోట, టీ అంగడికి పోయేముందు, ఇంకో పని చేసేవాడు. ముట్టుకోకుండా నాలుగు చక్రాల దగ్గరా ఒక్కో జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూసేవాడు. సెగ తగలకపోతే తలాడించి ముందుకు నడిచేవాడు. ఎప్పుడైనా ఒక చక్రం దగ్గర సెగ తగిలితే ఆ రోజు టీ రెండుసార్లు తాగేవాళ్ళం, అది చల్లారేదాకా.